ఆవిడ ప్రార్థనలో నా వంతు

మొన్న మంగళవారం మధ్యాహ్నం మస్తాన్ గారు వచ్చారు. గురజాలలో మేం అద్దెకున్న వీధి మొగదల ఆయనకు సైకిల్ షాపు ఉంది. సామాన్లు కొనడానికి నరసరావుపేట వచ్చినప్పుడల్లా మా తలుపు తట్టి, మంచినీళ్ళు తాగి, పిల్లలను పలకరించి వెళతారు. ఈసారి నీళ్ళు తాగలేదు. గ్లాసు చేతిలో పట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడ్డారు.

"పెద్దమ్మ పోయిందమ్మా. పది రోజులైంది. మీకు కబురు అంది ఉండదని చెబుదామని వచ్చా."

నేను చిన్నవాడికి అన్నం పెడుతున్నాను. ముద్ద చేతిలోనే ఉండిపోయింది. దుఃఖం రాలేదు. దుఃఖం కంటే ముందు ఒక ప్రశ్న వచ్చింది. చివరి రోజుల్లో ఆవిడ నా పేరు ఎత్తిందా, లేదా? ఒక మనిషి పోయిందని వింటూ, నా వంతు ఏమైందని ఆలోచించాను. ఆవిడ విషయంలో నేను మొదటి నుంచీ ఇంతే.

పిల్లలిద్దరినీ పడుకోబెట్టి ఇది రాస్తున్నాను. ఆవిడ పేరు రాయను. అందరి పేర్లూ దేవుడి ముందు ఎత్తడమే పనిగా పెట్టుకున్న మనిషి, తన పేరు ఒక్కసారి ఎత్తుకోగా నేను వినలేదు. వీధిలో పెద్దవాళ్ళకు పెద్దమ్మ, పిల్లలకు మామ్మ. అది చాలు.

గురజాలలో ఆవిడ ఇంటికీ మా ఇంటికీ మధ్య నాపరాళ్ళ దడి ఉండేది. పల్నాటిలో గోడ కట్టలేని చోట నాపరాయి పలకలను వరసగా నిలువునా పాతేస్తారు. రాయికీ రాయికీ మధ్య రెండు మూడు వేళ్ళ సందు ఉంటుంది. ఆ సందుల్లోంచి గాలి వచ్చేది, పొయ్యి పొగ వచ్చేది, తెల్లవారుజామున ఆవిడ ప్రార్థన వచ్చేది.

పైకే చేసేది ప్రార్థన. పక్కింటివాళ్ళు వింటారన్న మొహమాటం లేదు. "లోపల్లోపల చేసుకుంటే మధ్యలో నిద్రొచ్చుద్ది అమ్మాయ్" అనేది. వీధి మొగదల నుంచి మొదలుపెట్టి ఇల్లిల్లూ తిరిగినట్టు వచ్చేది.

"ప్రభువా, మస్తాన్ కాలి పుండు సంగతి నిన్న చెప్పా. మళ్ళా చెబుతున్నా. నువ్వు మర్చిపోయావని కాదు, నేను మర్చిపోలేదని. బిళ్ళలు మింగి ఇంట్లో పడుకోరా అంటే కొట్టు తెరుచుకుని కూర్చుంటన్నాడు. కాలితో పాటు కాస్త బుద్ధి కూడా బాగుచెయ్యి. రెండో ఇంట్లో సుబ్బాయమ్మ కోడలితో మాట్లాడక నాలుగు రోజులైంది. ఇద్దర్లో ఎవరో ఒకరి నోరు ముందు తెరిపించు. అత్తదే తెరిపించు, పెద్దది గదా. మూడో ఇంటోళ్ళ బర్రె ఈ రోజో రేపో ఈనుద్ది..."

బర్రె తర్వాత మేము.

మేం ఆ ఇంట్లో దిగిన మొదటి ఎండాకాలం. మా వారు సాగర్ కాలవల ఆఫీసులో గుమస్తా. పాపకు ఆరు నెలలు. ఆ ఎండలకు ఊరంతా ఆరుబయట మంచాలు వేసుకునేది. ఒక తెల్లవారుజామున మెలకువ వచ్చి పడుకుని వింటున్నాను.

"పక్కింటి అమ్మాయికి భయం ఎక్కువ ప్రభువా. రాత్రి నాలుగుసార్లు లేచి బిడ్డ ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుంటా ఉంది. ఊపిరి పోసినోడివి నువ్వు ఉన్నావు గదా. ఆ వేలిని కాసేపు నిద్రపోనీ."

నా ఒళ్ళు మండింది. నా భయాన్ని వీధి వినేలా చెప్పడానికి ఆవిడెవరు? మర్నాడు మంచాన్ని దడికి దూరంగా జరిపించాను. ఆ మర్నాడు మాటలు సరిగ్గా వినపడడం లేదని మళ్ళీ దగ్గరికి జరిపించాను. రెండుసార్లూ మంచం మోసింది మా వారే.

అక్కడి నుంచి నాకు అదొక జబ్బయింది. ప్రతి తెల్లవారుజామునా పాపకు పాలిస్తూ నా వంతు కోసం ఎదురుచూసేదాన్ని. నా గురించి రెండు మాటలే అంటే రోజంతా వెలితిగా ఉండేది. మస్తాన్ గారి కాలికి నాకన్నా ఎక్కువసేపు పట్టిందని ఆయన కాలి మీద అసూయపడ్డాను. ఇది నవ్వులాటకు రాయడం లేదు. నిజంగానే పడ్డాను.

ఆవిడ మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్ళేది. కాయలు కళ్ళాలకు వచ్చే రోజుల్లో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆ రాశుల ముందు కూర్చోవాలి. సాయంత్రానికి చేతులు నిప్పుల్లో పెట్టినట్టు మండుతాయి. మజ్జిగతో రుద్దుకున్నా రాత్రంతా పోదు. అందుకే పిల్లలను అరచేతులతో ముట్టుకునేది కాదు. మోచేతుల మీద ఎత్తుకునేది. రెండు ముంజేతులూ చాపి, చేతులు ఎడంగా పెట్టి, "రా రా బంగారం" అంటే మా పాప ఎగిరి ఆ ముంజేతుల మీద పడేది. నా రెండు చేతుల్లో వంకరలు తిరిగే పిల్ల ఆ రెండు ఎముకల మీద పరుపు మీద పడుకున్నట్టు పడుకునేది.

ప్రార్థనలో కూడా చేతులు జోడించేది కాదు. అరచేతులు పైకి తెరిచి ఒళ్ళో పెట్టుకునేది. చర్చిలో అది చూసి ఆడపిల్లలు భక్తి అనుకున్నారు. ఒకరిని చూసి ఒకరు అరచేతులు తెరిచి ప్రార్థన చేయడం మొదలుపెట్టారు. నేనూ తెరిచాను. ఒకరోజు ఇంటికి నడిచి వస్తూ ఆవిడే అడిగింది.

"అదేంది అమ్మాయ్, పిల్లలంతా అట్లా చేతులు చాపుతున్నారు, ప్రసాదానికి చాపినట్టు?"

"నిన్ను చూసే పెద్దమ్మా."

"నన్నా? నాకు మంట పుట్టి తెరుస్తన్నా. గాలి తగిలితే చల్లగా ఉంటదని." కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "వాళ్ళకి చెప్పబాకు. పాపం, చానా భక్తిగా చేస్తన్నారు."

మరుసటి ఆదివారం నుంచి నేను మళ్ళీ చేతులు జోడించాను. ఆవిడ మంటను నాదిగా దేవుడి ముందు పెట్టినట్టయిందని సిగ్గేసింది. తర్వాత చేసిన పని ముందు ఆ సిగ్గు చాలా చిన్నది.

నేను గుంటూరులో బి.ఏ. చదివాను. హాస్టల్లో సాయంకాలపు ప్రార్థన నేనే నడిపేదాన్ని. బైబిలు వాక్యాలు కంఠస్థం చెప్పే పోటీల్లో బహుమతులు వచ్చాయి. 'మహోన్నతుడవైన, కృపాసంపన్నుడవైన' అని మొదలుపెడితే వరసగా పది మాటలు వచ్చేవి. కానీ గురజాలలో ఎవరికి కష్టం వచ్చినా ఆవిడ గుమ్మం ముందే చెప్పులు కనపడేవి. చదవడం రాని మనిషి దగ్గరికి పోతారేమిటి, చదువుకున్నదాన్ని పక్కనే ఉన్నాను కదా అనుకునేదాన్ని. ఎవరైనా నా దగ్గరికి వచ్చి ఉంటే ఏం చేసేదాన్నో తెలియదు. ఆ ఇళ్ళల్లో ఎవరి పేరేమిటో ఆవిడ ప్రార్థన వినే తెలుసుకున్నదాన్ని.

పాప మా ఇంట్లో అన్నం తినేది కాదు. ఆవిడ గుమ్మంలో మిరప ఘాటుకు తుమ్ముతూ తినేది. నాకు పోటు పొడిచినట్టు ఉండేది. మా వారు ఒకరోజు మామూలుగా, కోపమేమీ లేకుండా అన్నారు: "ఎత్తుకున్నప్పుడు నీ చేతులు బిగుసుకుని ఉంటాయి. పిల్లకి తెలుస్తుంది." ఆ మాట ఆయన మరచిపోయారు. నేను మరచిపోలేదు.

మేం వెళ్ళిన మూడో ఏడు స్త్రీల ఆదివారం వచ్చింది. ఆ రోజు ఆరాధనంతా ఆడవాళ్ళే నడుపుతారు. అందరి కోసం చేసే విజ్ఞాపన ప్రార్థన ఎప్పుడూ ఆవిడదే. ఆ ఏడు చర్చికి కొత్త పాస్టరు అయ్యగారు వచ్చారు. గుంటూరు నుంచి పెద్దలు వస్తున్నారని ఆయనకు కంగారు.

"ఈసారి మీరు చేయండమ్మా. చక్కగా రాసుకుని చదవండి" అన్నారు.

"పెద్దమ్మ చేస్తుంది కదండీ" అన్నాను. ఆ మాట ఒక్కసారే అన్నాను.

మూడు కాగితాలు రాసి చించాను. ఎంత రాసినా పోటీలో చదివేదానిలాగే ఉంది. శనివారం తెల్లవారుజామున కాగితం, పెన్సిలు తీసుకుని నాపరాళ్ళ పక్కన కూర్చున్నాను. అన్నాళ్ళూ ఆవిడ ప్రార్థన విన్నాను. ఆ రోజు వినలేదు, రాసుకున్నాను; గుర్తున్న పాత మాటలూ కలుపుకున్నాను.

ఆదివారం చదివాను. పేర్లు తీసేశాను, అంతే. మాట్లాడుకోని అత్తాకోడళ్ళలో ఎవరో ఒకరి నోరు ముందు తెరిపించు ప్రభువా అన్నప్పుడు సుబ్బాయమ్మ ముక్కు చీదుకోవడం వినపడింది. రాత్రి నాలుగుసార్లు లేచి బిడ్డ ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకునే తల్లుల వేళ్ళను కాసేపు నిద్రపోనీ అన్నాను. నా కోసం ఆవిడ చేసిన ప్రార్థనను నేనే, నా గొంతుతో, అందరి ముందు. అప్పటికి చర్చిలో సగం మంది ఆడవాళ్ళు ఏడుస్తున్నారు. గుంటూరు నుంచి వచ్చిన పెద్దావిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

నేను కాగితం మీద నుంచి ఒక్కసారి తలెత్తాను. ఆవిడ మూడో వరస చాప మీద కూర్చుని ఉంది. ఎప్పటిలాగే అరచేతులు తెరిచి ఉన్నాయి. నేను చూస్తుండగానే వాటిని దగ్గరికి తెచ్చి జోడించుకుంది. అందరితో పాటు "ఆమెన్" అంది.

మర్నాడు తెల్లవారుజామున మస్తాన్ కాలు అయింది, సుబ్బాయమ్మ అయింది, బర్రె దూడ అయింది. మా వారి పేరు వచ్చింది. పాప పేరు వచ్చింది. తర్వాత అవతలి ఇల్లు వచ్చింది.

నన్ను దాటేసింది. ఆ మర్నాడూ దాటేసింది. తొమ్మిది రోజులు.

దొంగిలించింది నేను, కోపం కూడా నాకే వచ్చింది. చేసినదానికి ఏమైనా అనవచ్చు కదా, ముఖం మీద అడగవచ్చు కదా, ఇలా దేవుడి ముందు నన్ను వీధిలోంచి తీసేస్తుందా? పాపను ఆ ఇంటికి పంపడం మానేశాను. పాప దడి దగ్గర నిలబడి సందులోంచి చెయ్యి దూర్చి "మామ్మా" అని ఏడిచేది. అవతల నుంచి ఆవిడ వేలు అందించేది కాదు, మిరప చేతులు కదా. కొంగు చివర అందించేది. పాప ఆ కొంగు పట్టుకుని రాళ్ళకు ఆనుకుని కూర్చునేది. కిటికీలోంచి చూస్తూ నేను బియ్యంలో రాళ్ళు ఏరేదాన్ని. ఏరినవే ఏరేదాన్ని.

పదో రోజు మధ్యాహ్నం ఆవిడే వచ్చింది. పని మానుకుని వచ్చింది. చేతులు మజ్జిగ వాసన వేస్తున్నాయి.

"పనిలో ఉన్నావా అమ్మాయ్?"

"లేదు పెద్దమ్మా. కూర్చో."

"కూర్చోను. కూర్చుంటే చెప్పలేను." గుమ్మానికి ఆనుకుంది. "నీ మీద నాకు కుళ్ళు పుట్టింది."

నేను వేరే మాట కోసం సిద్ధంగా ఉన్నాను. జవాబు కూడా తయారు చేసుకున్నాను. 

"స్త్రీల ఆదివారం నాడు నువ్వు ప్రార్థన చేస్తే అంతా ఏడ్చారు. ముప్పై ఏళ్ళ బట్టి చేస్తన్నా, నేను చేస్తే ఒక్కళ్ళూ ఏడవలా. ఆవలించారు. నిజం, నేను చూశా. ప్రార్థనలో నాకు ఒక కన్ను తెరిచే ఉంటది." నవ్వబోయి ఆగింది. "నీకు చదువు ఇచ్చాడు, గొంతు ఇచ్చాడు, ఒళ్ళో బిడ్డనిచ్చాడు. నాకున్న ఆ ఒక్క పనీ నీకే ఇచ్చాడేందని కడుపు రగిలింది. ఆ కుళ్ళు పెట్టుకుని నీ పేరెత్తితే అది ప్రార్థన కాదు అమ్మాయ్, చాడీ. అందుకని ఎత్తలా. అర్పణ అక్కడే పెట్టి, ముందు పోయి మనిషితో సమాధానపడి రమ్మన్నాడు గదా ప్రభువు. రెండు నాపరాళ్ళు దాటి రావటానికి నాకు తొమ్మిది రోజులు పట్టింది."

ఆ మాటలు నావి కదా అని ఆవిడ అంటుందని చూశాను. అనలేదు. ఆ మాట లేకుండానే అంతా అయిపోయింది.

"నన్ను క్షమించు" అంది.

మూడేళ్ళుగా కుళ్ళుతున్నది నేను. ఆవిడ కాళ్ళ దగ్గర కూలబడి చెప్పాల్సినవన్నీ నాలుక దాకా వచ్చాయి. బయటికి వచ్చింది ఇది:

"పర్వాలేదు పెద్దమ్మా. క్షమించాను."

ఆవిడ ముఖం తేలికపడింది. ముంజేతులు చాపింది. పాప మంచం దిగి పరుగెత్తింది.

మర్నాడు తెల్లవారుజామున నా పేరు వచ్చింది. మస్తాన్ గారి కాలి కన్నా ఎక్కువసేపు వచ్చింది. ఎన్నాళ్ళుగానో కోరుకున్నదే. దుప్పటి ముఖం మీదకు లాక్కుని పూర్తిగా వినకుండా చెవులు మూసుకున్నాను.

తర్వాత ఆరు నెలలకు మా వారికి నరసరావుపేట బదిలీ అయింది. సామాను లారీకి ఎక్కించే రోజు చెబుదామనుకున్నాను. ఆవిడ పాపను దించలేదు, పాప దిగలేదు, డ్రైవరు హారన్ కొడుతున్నాడు. వెళ్ళాక ఉత్తరం రాయవచ్చు కదా అంటే, ఆవిడకు చదవడం రాదు. అయ్యగారి భార్య చదివి పెట్టాలి. నా దొంగతనం ఆవిడకన్నా ముందు అయ్యగారి ఇంటికి తెలియాలి. అలా అనుకుని రాయలేదు. సాకు దొరకడం ఎంత తేలికో.

మస్తాన్ గారు చివరికి గ్లాసు కింద పెట్టి స్టూలు మీద కూర్చున్నారు. నేను అడగకుండా ఉండలేకపోయాను.

"చివరి దాకా ప్రార్థన చేసేదా?"

"పోయే ముందు రోజు కూడా చేసిందమ్మా. మంచంలోంచే. మా కొట్టు కాడికి వినపడేది. కాలు మానిపోయి ఏడాదైనా నన్ను వదల్లా. 'మస్తాన్ కాలు బాగైంది, బుద్ధి ఇంకా కాలా' అనేది." ఆయన నవ్వి, తల దించుకుని కళ్ళు ఒత్తుకున్నారు.

"మా ఇంటి దగ్గర... మా పేర్లు?"

"మీ ఇంట్లో ఇప్పుడు ఉంటున్నారే, పోస్టాఫీసు ఆయనా పెళ్ళామూ, వాళ్ళ పేర్లొచ్చేవి."

ఇది రాస్తూ కూడా దాచను. మేం ఖాళీ చేసిన ఇంట్లో దిగిన, నేను ముఖం కూడా చూడని ఆ ఆడమనిషి మీద నాకు కడుపు మండింది. బర్రె తర్వాతి వంతు నాది.

మస్తాన్ గారు చెబుతూనే ఉన్నారు. "వీధి అయిపోయినాక ఆవిడ ప్రార్థన బస్సెక్కేదమ్మా. ముందు మాచర్లలో కూతురి దగ్గర దిగేది. మళ్ళా ఎక్కి ఇక్కడికి, మీ దగ్గరికి. నేను ఎగతాళి చేసేవాణ్ణి, పెద్దమ్మా టిక్కెట్టు తీసుకున్నావా అని. మీ కాడ మాత్రం ఒకటే మాట అనేది ఎప్పుడూ. 'ఆ అమ్మాయి నాతో ఒక మాట చెప్పాల. నోరు రావట్లా. తొందరపెట్టబాకు ప్రభువా' అని. ఏందమ్మా ఆ మాట?"

చిన్నవాడు ముద్ద కోసం నా మణికట్టు లాగుతున్నాడు.

"ఏం లేదు మస్తాన్ గారూ" అన్నాను.

అంటే ఆవిడకు తెలుసు. ఆ ఆదివారం చాప మీద చేతులు జోడించుకున్నప్పుడే తెలుసు. తన తప్పు చెప్పుకోవడానికి వచ్చి, నా తప్పును నా దగ్గరే వదిలి వెళ్ళింది, నేను ఎప్పుడు బయటికి తీస్తానో అని. ఆ ఓపిక మీద కూడా నాకు అసూయే. మంచితనం చూసి తల వంచేవాళ్ళు ఉంటారు. నేను దాన్ని చూసి, ఇది నాకెందుకు లేదు అని గింజుకుంటాను.

వచ్చే ఆదివారం ఇక్కడి చర్చిలో స్త్రీల ఆదివారం. విజ్ఞాపన ప్రార్థన నాకిచ్చారు. రెండేళ్ళుగా నాకే ఇస్తున్నారు. నరసరావుపేటలో నా ప్రార్థనకు పేరుంది. గుండెల్లోంచి వస్తుందంటారు. ఎవరి గుండెల్లోంచో ఎవరికీ చెప్పలేదు.

దాని కోసం తీసిన కాగితాల మీదే ఇదంతా రాశాను. ఆదివారం ముందుగా లేచి నిలబడి ఈ సంగతి చెబుతాను. ఆవిడను నేను క్షమించానన్న మాటతో సహా చెబుతాను. వినాల్సిన మనిషి వినదు. మిగిలినవాళ్ళయినా వినాలి.

ఆ తర్వాత ప్రార్థన చేయాలి కదా. ఇందాక పెన్ను పక్కన పెట్టి, ఆవిడలాగే మా వీధి మొగదల నుంచి మొదలుపెట్టాను. ప్రభువా, మొదటి ఇంట్లో అన్నాను. ప్రార్థన అక్కడే ఆగిపోయింది. ఆ ఇంటి ముందు పచ్చ రంగు గేటు ఉంది. చెప్పుల వరసలో ఒక చిన్న పిల్ల చెప్పులు ఉంటాయి. ఈ ఊరు వచ్చి రెండేళ్ళు దాటింది. ఆ గేటు ముందు నుంచే రోజూ పాలకు వెళతాను.

ఆ పిల్ల తల్లి పేరు నాకు తెలియదు. తెల్లవారాక వెళ్ళి అడగాలి.